టెడ్ క్రూజ్‌కు చిన్న ప్రభుత్వం ఎక్కడ కావాలి?

ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పౌరుని జీవితంలో దాని జోక్యం తక్కువగా ఉండాలి. అమెరికా సెనేటర్ టెడ్ క్రూజ్ 2013 జనవరిలో సెనేట్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి వల్లిస్తున్న పాఠం ఇదే. వినడానికి ఇంపుగానే ఉంటుంది. రాజ్యపు బరువు కింద నలిగినవారికి, పోలీసు తలుపు తట్టే చప్పుడుకు ఉలిక్కిపడేవారికి మరీ ఇంపుగా ఉంటుంది. అయితే శాసనకర్తను అంచనా వేయవలసింది ఆయన పాఠాన్ని బట్టి కాదు. ప్రభుత్వంలో ఏ తలుపుకు తాళం పడినా ఫరవాలేదనుకున్నారు, ఏ తలుపు బార్లా తెరవమన్నారు అన్నదాన్ని బట్టి. క్రూజ్ ప్రాతినిధ్యం వహించేది టెక్సాస్ రాష్ట్రానికి. హ్యూస్టన్, డల్లాస్ పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు సెనేట్‌లో ప్రతినిధి ఆయనే. కనుక ఈ లెక్క మనకు పరాయిది కాదు.

ముందుగా ప్రభుత్వ స్తంభన, అంటే షట్‌డౌన్, ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. అమెరికాలో ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆలోగా ప్రతినిధుల సభ, సెనేట్ రెండూ వ్యయానికి అనుమతి ఇవ్వకపోతే, ప్రాణరక్షణకూ ఆస్తిరక్షణకూ అవసరమైనవి తప్ప అనేక ప్రభుత్వ శాఖల పని ఆగిపోతుంది. మన దేశంలో లోక్‌సభలో ద్రవ్య బిల్లు ఓడితే ప్రభుత్వమే రాజీనామా చేయాల్సి వస్తుంది కాబట్టి ఈ దుస్థితి రాదు. (ఒక్కొక్క పథకాన్నే విడిగా మూసివేసే విద్య మన పాలకులకూ తెలుసు. 2022లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ అలాగే పోయింది.) అక్కడ అధ్యక్షుడూ పోడు, సభ్యులూ పోరు. వాళ్ళ జీతాలూ ఆగవు. ఆగిపోయేది కింది ఉద్యోగి జీతం, పేదవాని పథకం.

2013లో వివాదం ఒబామాకేర్ అని పిలిచే ఆరోగ్య బీమా చట్టంపై. 2010లో శాసనమైంది, 2012లో సుప్రీంకోర్టులో నిలిచింది, అదే ఏడాది అధ్యక్ష ఎన్నికల్లోనూ నెగ్గింది. అయినా ఆ చట్టానికి నిధులు తీసివేస్తే తప్ప ప్రభుత్వానికి డబ్బు ఇవ్వరాదని పట్టుబట్టినవారిలో మొదటి వరుసలో నిలిచింది క్రూజ్. సెప్టెంబర్ 24 మధ్యాహ్నం నుంచి మరునాటి మధ్యాహ్నం వరకు సెనేట్‌లో 21 గంటలకు పైగా నిలబడి ప్రసంగించారు. నడుమ తన కుమార్తెల కోసమని పిల్లల కథల పుస్తకం కూడా చదివారు. ఆ ప్రసంగం దేన్నీ అడ్డుకోలేదు. ఓటింగు సమయం ముందే నిర్ణయమై ఉంది. ప్రసంగం ముగిసిన కొద్దిసేపటికే బిల్లుపై ముందుకు సాగాలన్న తీర్మానం 100–0తో నెగ్గింది. ఆ నూటిలో క్రూజ్ ఓటు కూడా ఉంది!

అక్టోబర్ 1న ప్రభుత్వం మూతపడింది. దాదాపు 8 లక్షల మంది ఉద్యోగులను జీతం లేని సెలవుపై ఇళ్ళకు పంపారు. మరెందరో జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా పనిచేశారు. కాని ఒబామాకేర్ మాత్రం ఆగలేదు. ఆ చట్టానికి కావలసిన డబ్బులో అధిక భాగం ఏటేటా ఆమోదించే నిధుల నుంచి రాదు. అందుచేత ప్రభుత్వం మూతపడిన అదే రోజున దాని బీమా నమోదు ప్రారంభమైంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెడితే, ఇల్లు కాలింది, ఎలుకలు క్షేమంగా ఉన్నాయి. ఈ సంగతి హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, సుప్రీంకోర్టులో వాదించిన క్రూజ్‌కు తెలియదనుకోవడం ఆయన తెలివిని అవమానించడమే. తెలిసీ చేశారు.

దెబ్బ ఎవరికి తగిలింది? జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థల ఆసుపత్రిలో కొత్త చికిత్సా ప్రయోగాలకు వారానికి దాదాపు 200 మంది రోగులను చేర్చుకోలేకపోతున్నామని, వారిలో సుమారు 30 మంది పిల్లలని, ఎక్కువమంది క్యాన్సర్ బాధితులని ఆ సంస్థల అధిపతి ప్రకటించారు. పేదపిల్లల బాలవాడి పథకం హెడ్ స్టార్ట్ కేంద్రాలు కొన్ని రాష్ట్రాల్లో మూతపడ్డాయి. ప్రభుత్వ ఉద్యోగులకు ఆగిన జీతాలు తర్వాత చెల్లించారు. అవే భవనాల్లో ఊడ్చి తుడిచే కాంట్రాక్టు కార్మికులకు, క్యాంటీన్లలో గిన్నెలు కడిగేవారికి ఆ హామీ లేదు. వాళ్ళ రోజుకూలి పోయింది పోయినట్టే. ఆ ఏడాది అమెరికాలో ఈదుల్ అజ్‌హా అక్టోబర్ 15న, అంటే స్తంభన పదిహేనో రోజున వచ్చింది. ఆ కూలీల ఇళ్ళలో ముస్లిం ఇళ్ళూ ఉన్నాయి.

మన తెలుగు యువకులకూ సెగ తగిలింది. హెచ్–1బీ వీసా దరఖాస్తుకు ముందు కార్మిక శాఖ ధ్రువీకరణ కావాలి. ఆ విభాగం ఆ 16 రోజులు దరఖాస్తులే స్వీకరించలేదు. ధ్రువీకరణ లేనిదే కంపెనీ మారే దారి లేదు. విచిత్రమేమిటంటే, అంతకు అయిదు నెలల ముందు అదే క్రూజ్ హెచ్–1బీ పరిమితిని 65 వేల నుంచి 3 లక్షల 25 వేలకు పెంచాలని సవరణ ప్రతిపాదించారు. 2015 డిసెంబరు నాటికి, అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నప్పుడు, ఆ వీసాదారుకు కనీసం 1,10,000 డాలర్ల జీతం ఉండాలంటూ దారి బిగించే బిల్లు తెచ్చారు. మనవాళ్ళలో కొందరు మొదటి సవరణను మాత్రమే గుర్తుంచుకున్నారు.

ఇప్పుడు అసలు తలుపు దగ్గరకు వద్దాం. ఉద్యోగంలో మతం, జాతి, వర్ణం పేరిట వివక్ష జరిగితే అమెరికా పౌరుడు వెళ్ళవలసిన చోటు సమాన ఉద్యోగావకాశాల కమిషన్. స్తంభనలో ఆ కమిషన్ సిబ్బందిలో అత్యధికులు ఇళ్ళకు వెళ్ళారు. దర్యాప్తులు నిలిచిపోయాయి, రాజీ సమావేశాలు రద్దయ్యాయి. అయితే ఫిర్యాదుకున్న గడువు మాత్రం పొడిగించలేదు. 180 రోజులు, కొన్ని రాష్ట్రాల్లో 300 రోజులు. కార్యాలయంలో మనుషులు లేరు, గడియారం మాత్రం తిరుగుతూనే ఉంది.

ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో 2008లో ఒక ముస్లిం యువతి అబర్‌క్రాంబీ దుస్తుల దుకాణంలో ఉద్యోగానికి వెళ్ళింది. అర్హత ఉన్నా, తలపై హిజాబ్ ఉన్నందుకు ఆమెను తీసుకోలేదు. ఆమె తరఫున కోర్టుకు వెళ్ళింది ఈ కమిషనే. జిల్లా న్యాయస్థానం కమిషన్ పక్షాన తీర్పు ఇచ్చింది. పై కోర్టు దాన్ని తిరగదోడింది. ఆ ప్రతికూల తీర్పు వెలువడిన తేదీ 2013 అక్టోబర్ 1. అంటే ఒక ముస్లిం యువతి హక్కు కోసం పోరాడుతున్న ప్రభుత్వ సంస్థ కేసు ఓడిన నాడే దాని సిబ్బందిలో ఎక్కువమందిని ఇంటికి పంపారు. కమిషన్ తిరిగి తెరుచుకుంది, సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది, 2015 జూన్ 1న 8–1 మెజారిటీతో గెలిచింది. ఆ తీర్పు రాసింది సంప్రదాయవాదులు నెత్తిన పెట్టుకునే న్యాయమూర్తి స్కాలియా. ఏడేళ్ళ ఆ పోరాటం ఒక సామాన్య యువతి సొంత ఖర్చుతో చేయగలిగేదా? “పెద్ద ప్రభుత్వం” అని క్రూజ్ ఈసడించేది ఇలాంటి సంస్థలను కూడా కలుపుకునే.

ఆయన పక్షాన చెప్పే వాదన ఒకటుంది. న్యాయంగా దాన్నీ చూడాలి. ఒక్కొక్క శాఖకు విడివిడిగా నిధులిచ్చే బిల్లులను ప్రతినిధుల సభ ఆమోదించిందని, డెమొక్రాట్ల ఆధిక్యం ఉన్న సెనేట్ వాటిని తోసిపుచ్చిందని, కాబట్టి నేరం అటువైపుదేనని అంటారు. బిల్లులు వచ్చిన మాట నిజం. వాటిలో జాతీయ ఉద్యానవనాలున్నాయి, ఆరోగ్య పరిశోధన ఉంది, తల్లీబిడ్డల పోషకాహారం ఉంది, సరిహద్దు భద్రత ఉంది. కెమెరాల ముందు ఇబ్బంది పెట్టిన ప్రతిదీ ఉంది. సమాన ఉద్యోగావకాశాల కమిషన్ లేదు. దాని మూసిన తలుపు ముందు ఏ టీవీ వాహనమూ ఆగలేదు కనుక ఎవరికీ అది గుర్తు రాలేదు. అలాగే స్తంభనకు క్రూజ్ ఒక్కరే కారకులనడమూ సరికాదు. ప్రతినిధుల సభలో ఓటు వేసినవారు వేరే ఉన్నారు. అయితే వారిని కూడగట్టి, రెచ్చగొట్టి, వెనక్కి తగ్గవద్దని నూరిపోసినవారిలో ఆయనే ముందున్నారన్నది ఆయన పార్టీ నాయకులే బాహాటంగా చేసిన ఫిర్యాదు.

అక్టోబర్ 13న వాషింగ్టన్‌లో జరిగింది మరీ వింత. రెండో ప్రపంచ యుద్ధ స్మారకాన్ని మూసేశారంటూ అక్కడ నిరసన సభ పెట్టారు. వేదికపై మాట్లాడినవారిలో క్రూజ్ ఒకరు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు! ఆ రోజు నిరసనల్లోనే ఒక న్యాయవాది అధ్యక్షుడు ఒబామాను ఉద్దేశించి ఖుర్‌ఆన్ కింద పెట్టి వెళ్ళిపొమ్మన్నాడు. ఆ మాట క్రూజ్‌ది కాదు, దాన్ని ఆయన ఖాతాలో వేయడం న్యాయం కాదు. కాని బీమా చట్టంపై మొదలైన రగడలోకి ఖుర్‌ఆన్ ఎందుకు వచ్చిందో, ఆ జనసమూహాన్ని పోగుచేసిన నాయకులు ఆలోచించవలసింది.

అక్టోబర్ 16 రాత్రి సెనేట్ 81–18తో, ప్రతినిధుల సభ 285–144తో ప్రభుత్వాన్ని తెరిచాయి. ఆ 18లో క్రూజ్ ఒకరు. సాధించిందల్లా బీమా రాయితీ పొందేవారి ఆదాయ పరిశీలనపై చిన్న నిబంధన ఒకటి. ఆర్థిక వ్యవస్థకు కలిగిన నష్టం 2,400 కోట్ల డాలర్లని స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అంచనా. 2018 జనవరిలో మళ్ళీ స్తంభన వచ్చినప్పుడు, తాను ఎప్పుడూ స్తంభనలను వ్యతిరేకించానని క్రూజ్ విలేకరులకు నిబ్బరంగా చెప్పారు.

ఇక ఆయన తెరవమన్న తలుపులు. 2015 నవంబరులో సిరియా శరణార్థుల విషయంలో, క్రైస్తవులకు చోటివ్వాలని, ముస్లింలను ముస్లిం దేశాలకే పంపాలని వాదించారు. క్యూబా నుంచి టెక్సాస్ చేరిన తండ్రికి పుట్టిన మనిషి ఈ మాట అనడం గమనార్హం. 2016 మార్చి 22న బ్రస్సెల్స్ దాడుల తర్వాత, ముస్లింలు నివసించే పేటలు తీవ్రవాదం వైపు మళ్ళకముందే అక్కడ గస్తీ తిరిగేలా పోలీసులకు అధికారం ఇవ్వాలన్నారు. నేరం జరగకముందే, మతాన్ని బట్టి, పేటకు పేటనే నిఘాలో పెట్టడమన్నమాట. ఇంతకంటే పెద్ద ప్రభుత్వం ఎక్కడ ఉంటుంది? న్యూయార్క్ పోలీసులు ఈ ప్రయోగం అప్పటికే చేసి చూశారు. మసీదులను, హోటళ్ళను గమనించేందుకు నడిపిన విభాగం ఆరేళ్ళలో ఒక్క ఉగ్రవాద దర్యాప్తుకూ దారి చూపలేదని వారి అధికారే 2012లో ప్రమాణపూర్వక వాంగ్మూలంలో ఒప్పుకున్నారు. 2014 ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేశారు. క్రూజ్ ప్రకటన విని మండిపడిన న్యూయార్క్ పోలీసు కమిషనర్ బ్రాటన్, తన దళంలో 900 మందికి పైగా ముస్లింలు పనిచేస్తున్నారని గుర్తుచేశారు.

ఉద్యోగంలో అవమానం పొందిన ముస్లిం మహిళ ఫిర్యాదు అందుకునే గుమాస్తా జీతం ఆయనకు భరించరాని ప్రభుత్వ భారం. ఆమె వీధిలో తిరిగే పోలీసు జీపు పెట్రోలు ఖర్చు మాత్రం భారం కాదు.

2025 అక్టోబర్ 1న మళ్ళీ తాళం పడింది. ఈసారి 43 రోజులు, అప్పటికి అమెరికా చరిత్రలోనే సుదీర్ఘమైనది. అదే బీమా చట్టం కింది రాయితీలను పొడిగించాలని పట్టుబట్టి నిధులు ఆపింది డెమొక్రాట్లు. నవంబరు నెల మొదట్లో దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది ఆధారపడే ఆహార సహాయం నిలిచిపోయింది. పేదవాని కంచాన్ని బేరానికి పెట్టడం ఏ పార్టీ చేసినా తప్పే. కాని క్రూజ్ ఈసారి ప్రభుత్వాన్ని తెరిచే పక్షాన ఓటు వేసి, స్తంభన నింద మొత్తం డెమొక్రాట్లపై మోపారు. 2013లో అదే ఆయుధం తన చేతిలో ఉన్నప్పుడు అది సూత్రబద్ధ పోరాటం.

2024 నవంబరులో గెలిచిన ఆయన పదవీకాలం 2031 జనవరి వరకు ఉంది. ఓటు హక్కున్న మన కుటుంబాలు టెక్సాస్‌లో ఉన్నాయి. ఆయన సభలకు, ఆయన కార్యాలయానికి వెళ్ళగలిగినవారు ఉన్నారు. అక్కడ పన్నుల గురించి, వీసాల గురించి అడిగేవారు చాలామందే ఉంటారు. వచ్చే స్తంభనలో సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌ను తెరిచి ఉంచేందుకు, కనీసం ఫిర్యాదు గడువును ఆపేందుకు బిల్లు పెడతారా అని ఒక్కరైనా అడిగి, ఆయన జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.