మానేస్తే సరిపోదు, మార్చాలి

గత నెల ఒక రాత్రి నాన్న బాత్‌రూమ్‌లో జారారు. రెండుసార్లు పిలిచారట. పక్క గదిలోనే ఉన్నా నాకు వినపడలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో రీల్స్. టైం ఒంటిగంట. పెద్ద దెబ్బేం తగల్లేదు. కానీ "నిద్రపోయావేమో అనుకున్నాన్రా" అన్నప్పుడు తల ఎత్తలేకపోయా.

ఆ రాత్రే యాప్ తీసేశా. నాలుగో రోజుకి మళ్లీ వేసుకున్నా. పడుకోబోయే ముందు ఆ గంటన్నర ఏం చేయాలో తెలియక!

1973లో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే సైకాలజిస్టులు దీనికి ఒక దారి చూపించారు. గోళ్లు కొరికేవాళ్లకు మానెయ్యమని చెప్పి ఊరుకోలేదు. చెయ్యి నోటి దగ్గరకు వెళ్తోందని గమనించగానే పిడికిలి బిగించి కాసేపు ఉంచమన్నారు. పిడికిలి బిగిస్తే గోరు కొరకలేం కదా.

ఫోన్ పిచ్చితో పోల్చేంత చిన్న విషయం కాదుగానీ, బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం కథలోనూ ఇదే కనిపిస్తుంది. 1871 నాటి బ్రిటిష్ చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసింది. అలాంటి కుటుంబాల కోసం 1913లో ఆ సెటిల్‌మెంట్ వెలిసింది. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. ముద్ర ఉన్నవాడికి పని ఎవరిస్తారు? 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, ఆయన భార్య, జాషువా గారి అమ్మాయి హేమలత అక్కడికి వెళ్లారు. దొంగతనం మానమని చెప్పి వచ్చేయలేదు. మానినవాళ్లకు బతుకుదెరువు, పిల్లలకు చదువు, నలుగురిలో మర్యాద దక్కాలని ఏళ్ల తరబడి తిరిగారు.

నేనూ ఛార్జర్‌ని హాల్లోకి మార్చేశా. పది కాగానే ఫోన్ అక్కడ పెట్టి, నాన్నతో డాబా మీద కూర్చుంటున్నా. 1977 దివిసీమ ఉప్పెన అప్పుడు ఆయనకు పదకొండేళ్లట. ఆ రాత్రి ఏం జరిగిందో ఇన్నేళ్లలో మొదటిసారి విన్నా.

మధ్యలో రెండు రోజులు తప్పాను. కొంపేం మునగలేదు, మూడో రోజు మళ్లీ మెట్లెక్కాను.

మీరూ ఒక వారం రాసి చూడండి: ఆ అలవాటు ఏ టైంకి, ఎక్కడ, ఏం తోచనప్పుడు వస్తోంది? సరిగ్గా ఆ టైంకి ఏం చేస్తారో ముందే అనుకోండి. మానేది ఆ తర్వాత.