దాచిన ఏపీఐలు: మూసేముందు దారి చూపించాలి కదా!

మా పార్వతీపురంలో నాకు కనిపించే ఫోన్లలో ఎక్కువ పాత బడ్జెట్ మోడల్సే. కంపెనీ అంటగట్టిన యాప్స్‌ని రూట్ లేకుండా తీసేయాలంటే షిజుకు మీద నడిచే టూల్సే దిక్కు. ఏడీబీ పర్మిషన్‌తో సిస్టమ్ లోపలి ఫంక్షన్లను అది యాప్స్‌కి అందిస్తుంది. ఆండ్రాయిడ్ 11లో వైర్‌లెస్ డీబగ్గింగ్ వచ్చాక కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ ఫంక్షన్లు చాలావరకు ఎస్‌డీకేలో ఉండవు. సోర్స్ కోడ్‌లో వాటికి 'హైడ్' అని గుర్తు పెడతారు. 2018లో ఆండ్రాయిడ్ 9తో గూగుల్ వీటికి లిస్టులు తయారుచేసి, కొన్నింటిని పూర్తిగా బ్లాక్ చేసింది. వాళ్ల వాదన తప్పనను. లోపలి కోడ్ మారితే బయటి యాప్ క్రాష్ అవుతుంది, తిట్లు మాత్రం ఫోన్‌కి! అయితే మిగతావాటిలో కొన్నింటిని తెరిచే ఉంచారు, పబ్లిక్ ఏపీఐ కావాలని అడిగే వీలూ ఇచ్చారు. నాకు నచ్చింది అదే.

ఒక ఫంక్షన్ మీద బయట పది ప్రాజెక్టులు ఆధారపడ్డాక అది 'లోపలిది' అనడం పేరుకే. మూయాలంటే ముందు అదే పని చేసే పబ్లిక్ ఏపీఐ రావాలి, కనీసం ఒక వెర్షన్ గడువుండాలి. పైసా రాకపోయినా రాత్రిళ్లు కోడ్ రాసేవాళ్లని రిఫ్లెక్షన్ ట్రిక్కులు వెతుక్కోమనడం ఏం న్యాయం?

మీ యాప్ ఏదైనా ఇలా ఆగిపోతే డెవలపర్‌కి సింగిల్ స్టార్ కొట్టకండి. ఆ స్టారేదో గూగుల్ ఇష్యూ ట్రాకర్‌లో వాళ్ల రిక్వెస్ట్‌కి వేయండి.