ఎత్తిపోతల మొసలి



గడచిన కార్తికమాసమున బడికి సెలవు దొరకినంతనే మేము గురజాలనుండి బయలుదేరి, మాచర్లమీదుగా ఎత్తిపోతలకు పోయితిమి. మాచర్లలో చెన్నకేశవస్వామి యాలయము చెంత మెల్లగా పాఱు చంద్రవంకయే నాగార్జునసాగరము దారిలో 70 అడుగుల యెత్తునుండి లోయలోనికి దుముకుచున్నది. యతుల తపోతల మగుటచే ఎత్తిపోతల యయ్యెనని పెద్దలందురు. నీరు ఎత్తి పోసినట్లు పడుట చూచిన పిదప వేఱొక వ్యుత్పత్తి నాకు కావలసిరాలేదు.

మేము చేరునప్పటికి ప్రొద్దు ఇంకను ఎక్కలేదు, జనము లేరు. పలకలు పేర్చినట్లున్న రాతిగోడలు, వానిని పట్టుకొని పెరిగిన చెట్లు. నీటిహోరు తప్ప వేఱు సద్దు లేదు. ఎత్తైన చోట నిలిచి చూచుచుండగా మా చిన్నవాడు దిగువ మడుగుప్రక్కన ఎండకాగుచున్న మొసలిని కనుగొనెను.

"అమ్మా! ఏనుగును పట్టినది ఇదేనా?" అనుచు రాయి తీసెను. అంతదూరము అది పోదు. అయినను మావారు వాని చేయి పట్టుకొనిరి. "ఎందుకురా?" అనగా, "అది చెడ్డది. అమ్మయే చెప్పినది" అనెను.

ఆ మాట నాకు తగిలినది. రాత్రులందు గజేంద్రమోక్షము చెప్పి వానిని నిద్రపుచ్చుదానను నేనే. కరి మొఱపెట్టుటయు హరి పరుగెత్తివచ్చుటయు చెప్పుదును. ఆ మకరి దేవలుని శాపముచే మొసలియైన హూహూ యను గంధర్వుడనియు, చక్రము తగిలి వాడును శాపము బాసెననియు చెప్పుటకు మునుపే బిడ్డ కన్నుమూయును. నేనును దీపమార్పుదును. సగము కథ విన్న చేతికి రాయి వచ్చినది.

అచ్చటనే కూర్చుండి తక్కిన సగము చెప్పితిని. మావారు తమ పాఠమును చేర్చిరి. ఆడుమొసలి వేసవికి ముందు ఒడ్డున గుంట త్రవ్వి 25, 30 గ్రుడ్లు పెట్టి, ఇంచుమించు రెండుమాసములు కావలి కాయును. లోపలి పిల్లలు కూసినంతనే మన్ను తొలగించి, ఆ భయంకరమైన నోటనే వానిని పదిలముగా పట్టి నీట విడుచును. చర్మము కొఱకై మనుష్యులు ఈ జాతిని వేటాడి చాలవఱకు నశింపజేసిరి. 1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టినది. 1975 లో మొసళ్ళను పెంచి నీటివనరులలో విడుచు ప్రయత్నము దేశమున మొదలైనది. ఎత్తిపోతలయందును పెంపకకేంద్ర మేర్పడినది.

పోదలచిన సోదరీమణులు ఉదయమే పోవుదురు గాక. బిడ్డ చేయి విడువవలదు. నీటి యంచునకు దిగవలదు. మొసలి కదలకుండుట నిద్ర గాదు. తన యొడలి వేడిని తాను పుట్టించుకొనలేక ఎండను ఆశ్రయించుటయే. తినుబండారములు విసరక, కాగితములు, ప్లాస్టిక్ సంచులు వెంట తెచ్చుకొనుడు.

మఱునాడు ఉతుకుటకు తీసిన చొక్కాజేబులో ఆ రాయి దొరకినది. దానిని దీపపు గూటిలో నుంచితిని. కథ ముగియకుండ దీపమార్పరాదని నాకు జ్ఞాపకముండవలెను.