ఈమెయిల్‌ను నమ్ముకున్న లాగిన్

వెబ్ అప్లికేషన్లలో ‘గూగుల్‌తో సైన్ ఇన్’ అనే బటన్ సర్వసాధారణమైపోయినా, దాని వెనుక రెండు వేర్వేరు ప్రమాణాలున్న సంగతిని డెవలపర్లలోనూ చాలామంది పట్టించుకోరు. 2012 అక్టోబరులో వెలువడిన ఓఆత్ 2.0 ఒకరి సమాచారాన్ని వాడుకునేందుకు మరో అప్లికేషన్‌కు అనుమతి ఇప్పించే విధానం మాత్రమే. వచ్చిన వ్యక్తి ఎవరో చెప్పడం దాని పని కాదు కనుక, 2014లో దానిపైనే ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే మరో పొరను చేర్చారు.

అమరిక పెద్ద కష్టమేమీ కాదు. గూగుల్ వద్ద అప్లికేషన్‌ను నమోదు చేస్తే ఒక క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్ అనే రహస్య సంకేతం లభిస్తాయి. లాగిన్ పూర్తయ్యాక వినియోగదారుడు తిరిగి రావలసిన చిరునామాను కూడా అక్కడే ముందుగా నమోదు చేయాలి. అది అక్షరం పొల్లుపోకుండా సరిపోలితేనే గూగుల్ అతణ్ణి ఒక తాత్కాలిక కోడ్‌తో వెనక్కి పంపుతుంది. ఆ కోడ్‌కు రహస్య సంకేతాన్ని జోడించి సర్వర్ నేరుగా గూగుల్‌కు సమర్పిస్తే, డిజిటల్ సంతకంతో కూడిన ఐడీ టోకెన్ అందుతుంది. ఆ రహస్య సంకేతాన్ని బ్రౌజర్‌కు చేరే జావాస్క్రిప్ట్‌లో రాయడం తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే.

అసలు పొరపాటు ఆ తరువాత జరుగుతుంది. ఐడీ టోకెన్‌లో ‘సబ్’ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటుంది. గూగుల్ దానిని మరెవరికీ మళ్లీ కేటాయించదు. అయినా, చూడగానే అర్థమవుతుందన్న ఒకే కారణంతో, డేటాబేస్‌లో ఖాతాను ఈమెయిల్‌కు ముడిపెట్టేవారే ఎక్కువ. ఉద్యోగి మానేశాక అదే చిరునామాను సంస్థ కొత్తగా చేరినవారికి ఇస్తే, వారు పాతవారి ఖాతాలోకే అడుగుపెడతారు. సంస్థ మూతపడి దాని డొమైన్ పేరు గడువు తీరితే, దానిని కొన్నవారు ఆ చిరునామాలన్నింటినీ మళ్లీ సృష్టించుకోగలరు. టోకెన్ జారీ చేసిన సంస్థ, ‘సబ్’ సంఖ్య, ఈ రెండింటి జోడీనే నమ్మాలని ఓపెన్‌ఐడీ ప్రమాణం స్పష్టంగానే చెబుతోంది.

గుర్తింపును బయటి సంస్థకు అప్పగించాక, దాని ఇబ్బందుల్లోనూ పాలు తప్పదు. 2018 సెప్టెంబరులో ఇలాంటి లాగిన్ బటన్‌నే అందించే ఫేస్‌బుక్‌లో, ‘వ్యూ యాజ్’ అనే సదుపాయంలోని లోపం కారణంగా దాదాపు 3 కోట్ల ఖాతాల టోకెన్లు దొంగల చేతికి చిక్కగా, ముందుజాగ్రత్తగా ఆ సంస్థ సుమారు 9 కోట్ల ఖాతాలను లాగౌట్ చేయవలసి వచ్చింది. అందుచేత అలాంటి ఒక్క బటన్ తప్ప మరో లాగిన్ మార్గం ఇవ్వని అప్లికేషన్‌ను అసంపూర్ణమనే అనాలి. ఈమెయిల్‌నే ఆధారం చేసుకున్న డెవలపర్లు, వినియోగదారుల సంఖ్య పెరగకముందే, తమ డేటాబేస్‌లో ‘సబ్’ సంఖ్యకు చోటు కల్పించాలి.