కొట్టమువంటి యిల్లు, ప్రక్కనే పనిశాల

అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రమునందు, పట్టణమునకు దూరముగా నాలుగెకరముల నేల కొనిన యొక చదువరి సోదరి యీ శీర్షికకు జాబు వ్రాసి, దానితో నొక యింటిపటము జతచేసిరి. వారు కట్టదలచినది యినుపచట్రమునకు రేకులు తొడిగిన యిల్లు. వెడల్పు 40 అడుగులు, పొడవు 80 అడుగులు, అంతటికిని ఒకటే కప్పు. అందు 50 అడుగుల భాగము సంసారమునకు, తక్కిన 30 అడుగుల భాగము భర్తగారి వడ్రంగమునకును వెల్డింగునకును. "పటము బాగుగా నున్నదా? వంటయిల్లు చాలునా?" అని రెండే ప్రశ్న లడిగినారు. వంటయిల్లు చాలును. కాని పటములో బిడ్డలు పండుకొను గది పనిశాల గోడ నానుకొని యున్నది. ఆ గోడలో నొక తలుపును గలదు. ఈ నెల నేను వ్రాయున దంతయు నా గోడను, ఆ తలుపును గూర్చియే.

ఇట్టి యిండ్లను అచ్చటివారు బార్న్‌డొమినియములని పిలుతురు. బార్న్ అనగా గడ్డి, ధాన్యము, పశువులు, సేద్యపు పనిముట్లు ఉంచుకొను పెద్ద కొట్టము. కనెక్టికట్టు రాష్ట్రమునందలి యొక గృహవ్యాపారి 1989 లో ఆ మాటను కాండొమినియ మను మాటతో నతికి యీ పేరు పుట్టించెను. చిప్, జోయనా గెయిన్సు దంపతులు టెక్సాసులో నొక కొట్టమును నివాసముగా మార్చి 2016 లో టెలివిజనున చూపిన పిమ్మట ఈ తరహా యిండ్లపై మోజు మిక్కిలి పెరిగినది. మనవైపున "రేకుల యిల్లు" అన్న లేమికి గుర్తుగా నెంచుదురు గాని, ఆ చులకనకు ఆధారము లేదు. ముడుతలు పెట్టిన యినుపరేకునకు 1829 లో లండను రేవుల యింజనీరు హెన్రీ పామరు హక్కుపత్రము పొందెను. 1851 లో విక్టోరియా రాణి భర్త బాల్మోరలు కోటయొద్ద నృత్యశాలను అట్టి రేకులతోనే కట్టించెను. నేడు అమెరికాలో వాడు రేకుల పూతలలో నొకదానియందు నూటికి 55 పాళ్లు అల్యూమినియము, 43 పాళ్లకు పైగా తుత్తునాగము, కొలదిగా సిలికాను ఉండును. ఆ పూత చెడనంతకాలము త్రుప్పు భయము తక్కువ.

ఇల్లును వృత్తియు నొకే కప్పుక్రింద నుండుట మనకు వింతగాదు. పోచంపల్లిలో గాని మంగళగిరిలో గాని నేతగాని యింట మగ్గము గుంట ఇంటిలోనే యుండును. మగవాడు మగ్గముమీద గూర్చుండ, ఇల్లాలు ప్రక్కనే కండెలు చుట్టును, ఉయ్యెలలో బిడ్డ నిద్రించును. అందుచేతనే కాబోలు, పనిశాల ప్రక్కన బిడ్డల గది యున్నను మన కంటికి తప్పుగా తోచదు. కాని మగ్గము వేరు, యంత్రపు ఱంపము వేరు. కఱ్ఱపొట్టులో మన కంటికి కనబడున దొకటి, కనబడక గాలిలో గంటలతరబడి తేలియాడు సన్నని నుసి మఱియొకటి. ఈ కఱ్ఱనుసిని 1995 లోను, వెల్డింగు పొగను 2017 లోను అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ మనుష్యులకు క్యాన్సరు గలిగించునవిగా నిర్ణయించెను. తుత్తునాగపు పూతగల యినుమును అతుకునపుడు లేచు తెల్లని పొగ పీల్చినవారికి ఆ రాత్రియే చలిజ్వరము వచ్చుటయు గలదు. ఇంజను నడిపినచో వెలువడు కార్బను మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారిని నిద్రలోనే కొనిపోవును.

కాబట్టి యీ యింట మొదట గీయవలసిన గీత వంటయింటిదిగాని పడకగదిదిగాని కాదు. ఇంటిని పనిశాలను వేరుచేయు గోడది.

అమెరికాలో పెక్కుచోట్ల పాటింపబడు నివాసగృహ నియమావళి యొకటి కలదు. అందు కార్లనుంచు శాలకును ఇంటికిని నడుమగల గోడకు, శాలవైపున కనీసము అరంగుళము మందముగల జిప్సము పలక వేయవలెనని యున్నది. నడుమ తలుపు 1 3/8 అంగుళములకు తగ్గని గట్టికఱ్ఱదో, అంతే మందముగల యుక్కుదో, లేక 20 నిమిషములు మంటకు నిలుచునదో కావలెను. తనంత తాను మూసికొనునదిగా నుండవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ శాలనుండి పడకగదిలోనికి నేరుగా నెట్టి తలుపును ఉండరాదు. మన సోదరి పటములో నున్నది సరిగా నట్టి తలుపే. కార్లకు విధించిన యీ నియమమును ఱంపములు, వెల్డింగు, రంగులు, నూనెలు గల పనిశాలకు కనీసపు హద్దుగా నెంచుకొనవలెను. పట్టణపు టెల్లలు దాటిన పల్లెసీమలలో పలుతావుల తనిఖీ మిక్కిలి సడలు. "ఇక్కడ అడుగువా రెవరును లేరండి" అని కట్టుబడిదారు చెప్పును. అడుగువారు లేనిచోట ఇల్లాలే అడుగవలెను.

రేకుల యింటికి ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. గోడను లోకప్పువఱకు లేపి ఆపినచో చూచుట కది పూర్తి గోడవలెనే యుండును. కాని లోకప్పునకు పైని, రేకులకు క్రిందను, ఆ కొననుండి ఈ కొనవఱకు ఒకటే ఖాళీచోటు. పనిశాలలోని పొగయు, నిప్పు పుట్టినచో మంటయు, ఆ త్రోవను బిడ్డల తలలమీదికి నిరాటంకముగా నడచిపోవును. కావున ఆ గోడ రేకువఱకు పోవలెను. రేకు ముడుతలలోని సందులనుగూడ వాటి యాకారమునకు కోసిన పట్టీలతో బిగింపవలెను. తీగెలు, గొట్టములు గోడను దూరిపోవు బెజ్జములను మంటకోర్చు లప్పముతో పూడ్పవలెను. ఇంటిని చల్లబఱచు యంత్రపు గాలిగొట్టములలో ఒక్కటియైనను పనిశాలలో నోరు తెఱువరాదు. పనిశాలకు చలువ కావలెనన్న వేఱు యంత్రము పెట్టుకొనవచ్చును.

మన వంటయింటినిగూర్చి యొకమాట. తాలింపుపొగ, చేపల వాసన పోవుటకు మనవారు పెద్ద పొగఫ్యానులు కోరి పెట్టించుకొందురు. ఆ ఫ్యాను నిమిషమునకు వందలకొలది ఘనపుటడుగుల గాలిని బయటికి నెట్టును. పోయినంత గాలి ఎక్కడనుండియో లోనికి రావలెను గదా. ఇల్లు బిగువుగా కట్టినదైనచో ఆ గాలి దొరకిన సందునుండి, అనగా పనిశాల తలుపు క్రిందినుండి వచ్చును. ఆవాల పొగను పంపివేసి వెల్డింగు పొగను పిలుచుకొన్న ట్లగును! ఇంధనము మండించు కొన్ని తరహాల పరికరములున్న యింట, నిమిషమునకు 400 ఘనపుటడుగులకు మించిన ఫ్యానునకు బయటి గాలి వచ్చుటకు వేఱు త్రోవ పెట్టవలెనని ముందు చెప్పిన నియమావళియందే యున్నది. ఆ త్రోవను పనిశాలకు దూరపు గోడలో పెట్టించుకొనవలెను. పనిశాలలో గూడ నొక ఫ్యాను వెలుపలికి తిరుగుచునే యుండవలెను. కార్బను మోనాక్సైడును పసిగట్టి మ్రోగు పరికరము పడకగదుల యెదుట తప్పదు.

ఇక పటమును మార్చు విధము. బిడ్డల గదిని ఇంటి యావలికొనకు జరుపవలెను. పనిశాల గోడవెంట వరుసగా స్నానపుగది, బట్టలుతుకు గది, సామానుల కొట్టు పెట్టవలెను. మనుష్యులు గంటలకొలది కూర్చుండని గదులివి. ఇవే గోడకు రెండవ గోడయగును, సమ్మెట చప్పుడును సగము మ్రింగును. పనిశాలలోనికి త్రోవ బట్టలుతుకు గదిలోనుండియే యుండవలెను. అటొక తలుపు, ఇటొక తలుపు, నడుమ నొక కుళాయి. బయటనుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొనక గడప దాటరాదని మన నాయనమ్మలు పెట్టిన కట్టడి యీ కాలపు పనిశాలకు చక్కగా నతుకును.

ఆ గదిలోనే భర్తగారు పనిబట్టలు విడిచి స్నానము చేసి లోనికి వచ్చునట్లు వీలు కల్పింపవలెను. ఇది అతిశుభ్రతకై చెప్పినది గాదు. న్యూహౌస్, థాంప్సన్ అను నిద్దఱు స్త్రీ పరిశోధకులు లండనులో ఆస్బెస్టాసు నారవలన గలుగు నూపిరితిత్తుల పొర క్యాన్సరునుగూర్చి 1965 లో నొక వ్యాసము ప్రకటించిరి. ఆ రోగులలో కొందఱు స్త్రీలు కార్ఖానా గడప త్రొక్కినవారు కారు. కార్ఖానాలో పనిచేయు భర్తల బట్టలుతికినవారు. వడ్రంగపు నుసి ఆస్బెస్టాసంత క్రూరమైనది కాదు, నిజమే. కాని పాతయిండ్ల కఱ్ఱ తెచ్చి గీకునపుడు దానిమీది పాతరంగులో సీసము ఉండవచ్చును. అది బట్టలతో లోనికి వచ్చి, నేలమీద ప్రాకు బిడ్డ చేతికంటి నోటికి పోవును. పనిబట్టలు వేరుగా నుతుకవలెను. ఉతుకకముందు దులుపరాదు.

ఈ నిర్ణయములన్నియు కాంక్రీటు నేల పోయుటకు ముందే జరుగవలెను. ఇట్టి యిండ్లు నేలమీద నేరుగా పోసిన కాంక్రీటు పలకపై నిలుచును. స్నానపుగది, వంటయిల్లు, బట్టలుతుకు గది వీని మురుగుగొట్టములు ఆ పలక క్రిందనే పడుకొనును. పోసిన పిదప తొట్టి రెండడుగులు జరుపవలెనన్న కాంక్రీటును కోయవలసినదే. చట్రము లేచిన తరువాత గదులలో తిరిగి చూచి చెప్పుదమని మన ఆడువా రూరకుందురు. అప్పటికి చెప్పుటకు మిగులునది గోడల రంగు మాత్రమే. పనిశాల నేలను ఇంటి నేలకంటె నొక మెట్టు దిగువగా, బయటి పెద్దతలుపువైపు వాలుగా పోయింపవలెను. ఒలికిన నూనె, నేలబారున ప్రాకు పెట్రోలు ఆవిరి ఇంటివైపు రాకుండును.

దిక్కు మాట. టెక్సాసులో వేసవిగాలి సాధారణముగా దక్షిణమునుండి వీచును. సాయంకాలపు టెండ పడమటి గోడను కాల్చును. శీతకాలపు చలిగాలి ఉత్తరమునుండి దిగును. కావున పనిశాల వాయవ్యముగా నున్న మేలు. ఎండకును చలికిని అది యడ్డుపడును, వేసవిలో దాని పొగ యింటిమీదికి రాదు. వాయవ్యము కొట్టునకు తగినదని మన వాస్తువుగూడ చెప్పును గనుక అత్తగారి యామోదమును సులభముగా దొరకవచ్చును.

రేకు చెమర్చుటనుగూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఉక్కు కఱ్ఱకంటె కొన్ని వందలరెట్లు వేగముగా వేడిని దాటించును. శీతకాలపు రాత్రి చల్లబడిన రేకునకు ఇంటిలోని వెచ్చని తేమగాలి తగిలినచో, మంచినీళ్ల చెంబు వెలుపల పట్టినట్లే నీరు పట్టును. గోడలోపల ఆ నీరు కనబడదు, బూజు మాత్రము పుట్టును. అన్నమువార్చు, పప్పుడికించు మన యిండ్లలో తేమ మఱింత హెచ్చు. రేకు లోతట్టున గాలి దూరని నురుగుపూత చల్లించుట అందుకు మంచి యుపాయము. దానికి సొమ్ము ఎక్కువ. కాని ఇట్టి కట్టుబడిలో చట్రమును రేకులును చవుకగా కనబడి, మిగిలినదంతయు మామూలు యింటి ధరయే యగునని ముందుగా నెఱిగి లెక్క వేసికొనవలెను. బ్యాంకివారు ఋణమిచ్చునపుడు చుట్టుప్రక్కల నట్టి యిండ్లు అమ్ముడుపోయిన ధరలను చూతురు. అట్టివి లేనిచోట వెల తక్కువ కట్టుదురు. నేల కొనకముందే ఆ సంగతి విచారించుట మంచిది.

సుడిగాలుల దేశమగుటచే ఇంకొకటి. పనిశాల పెద్దతలుపు విరిగినచో గాలి లోనికి చొచ్చి కప్పును క్రిందినుండి పైకెత్తును. ఆ తలుపును ఆ ప్రాంతపు గాలివేగమునకు తగినదిగా చూచి కొనవలెను. ఇంటి నడుమ, నేలకు గట్టిగా బిగించిన చిన్న రక్షణగది యొకటి, కుటుంబమంతయు కొంతసేపు కూర్చుండునంత, ఇప్పుడే గీసికొనవలెను.

జాబు చివర సోదరి తమకు కుట్టుపని వచ్చునని, చుట్టుప్రక్కలవారికి రవికెలు కుట్టి యిచ్చుచున్నామని ఒక వాక్యము వ్రాసిరి. పటములో కుట్టుమిషనునకు చోటు లేదు. 1200 చదరపుటడుగుల పనిశాలలో నొక మూల సర్దుకొందు ననుకొన్నారేమో. ఆ నుసిలో పట్టుబట్ట నిలువదు. సామానుల కొట్టు కొంచెము తగ్గించి ఉత్తరపు గోడప్రక్క 10 అడుగుల చదరము వేఱుచేయుడు. ఉత్తరపు వెలుతురు దినమంతయు నొకేరీతిగా నుండును గనుక దారపు రంగు మోసపుచ్చదు. కొలతలకు వచ్చువారు ఇంటిలోనుండి నడువ నక్కఱలేకుండ దానికి వెలుపలి తలుపొకటి పెట్టించుడు.