క్లాస్‌రూమ్ బయట – 11: స్కాన్ నార్మల్ అన్నారు

పోయిన వారం ఈ సిరీస్ ఎందుకు రాయలేదని చాలామంది అడిగారు. అంతకుముందు రెండుసార్లు ఆలస్యమైనప్పుడు "పని ఒత్తిడి" అని తప్పించుకున్నాను. ఈసారి నిజం చెబుతాను. ఏడు నెలలుగా నాకు తలనొప్పి. స్క్రీన్ చూస్తే ఎక్కువవుతుంది. ఈ పోస్టు కూడా పావుగంట చొప్పున నాలుగు రోజులు రాశాను.

నేను కాలేజీకి షేర్ ఆటోలో వెళ్తాను. ఆ రోజు డ్రైవర్ పక్కన కూర్చున్నాను. గేదె అడ్డొస్తే సడన్ బ్రేక్ వేశాడు. నా తల పక్కనున్న ఇనుప రాడ్‌కు కొట్టుకుంది. రక్తం రాలేదు, స్పృహ తప్పలేదు. బొప్పి కట్టింది, అంతే. నేరుగా క్లాసుకే వెళ్లాను. గెస్ట్ లెక్చరర్‌ని కదా, పీరియడ్ చెబితేనే డబ్బులు. సాయంత్రం వాంతి అయితే భయపడి ఆసుపత్రికి వెళ్లాను. సీటీ స్కాన్ తీశారు. "నార్మల్. ఏమీ లేదమ్మా, వెళ్లు" అన్నారు.

ఆ "ఏమీ లేదు" అన్న మాట నమ్మి మూడు నెలలు పోగొట్టుకున్నాను.

ట్యూబ్‌లైటు వెలుతురు కళ్లలో గుచ్చుకునేది. బెంచీ జరిపిన చప్పుడుకి తల పగిలిపోయేది. బోర్డు వైపు తిరిగి మళ్లీ పిల్లల వైపు తిరిగితే గది ఊగినట్టుండేది. రాత్రి నిద్ర లేదు, పగలు మెలకువ లేదు. చదివిన పేరానే మళ్లీ మళ్లీ చదివేదాన్ని. పలక కింద పడేసిందని నా కూతురి మీద ఎంత గట్టిగా అరిచానంటే, అది రెండు రోజులు నా దగ్గరికి రాలేదు.

ఒకరోజు క్లాసులో "గబ్బిలం" చెబుతున్నాను. కవి పేరు నోటికి రాలేదు. తెలుగులో పీహెచ్‌డీ చేసినదాన్ని, జాషువాని చదివే ఈ చదువులోకి వచ్చినదాన్ని, జాషువా పేరే మర్చిపోయాను. ముందు బెంచీలో అమ్మాయి మెల్లగా అందించింది. వరండాలో నిలబడి విన్న సహోద్యోగి ఒకాయన ఏమీ అనలేదు, నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు అర్థం నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఆయన మర్చిపోతే వయసు మీద పడిందంటారు. నేను మర్చిపోతే "కోటా" అంటారు.

అందుకే దాచాను. ఆ రోజు నుంచి రాత్రి ఒంటి గంట దాకా కూర్చుని మర్నాటి పాఠం అక్షరం అక్షరం రాసుకునేదాన్ని. నొప్పి ఎక్కువైతే మాత్ర, మళ్లీ మాత్ర. సరిగ్గా చేయకూడని పనులన్నీ చేశాను.

నాలుగో నెలలో ఒక స్నేహితురాలు బలవంతంగా ప్రభుత్వాసుపత్రిలో న్యూరాలజీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె పది నిమిషాలు కేటాయించి విడమరిచి చెప్పింది. సీటీ స్కాన్ చూసేది ముఖ్యంగా రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని. కంకషన్ అంటే మెదడు కుదుపుకు లోనై దాని పనితీరు దెబ్బతినడం. అది మామూలుగా స్కాన్‌లో కనపడదు. చాలామందికి స్పృహ కూడా తప్పదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరికి నెలల తరబడి సాగుతుంది. నేను ఆ కొందరిలో ఒకదాన్ని.

అప్పుడు తెలిసినవి మీకూ ఉపయోగపడతాయని రాస్తున్నాను. దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులు బాగా విశ్రాంతి తీసుకోవాలి. తర్వాత చీకటి గదిలో వారాల తరబడి పడుకోవడం కూడా మంచిది కాదు. నొప్పి బాగా పెరగనంత మేరకు రోజూ నడవాలి, చదువు, పని కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. మామూలు నొప్పి మాత్రలైనా నెలలో పదిహేను రోజులు, అంతకు మించి, అలా నెలల తరబడి వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. నాకు జరిగింది అదే. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకున్నాక కాస్త తేలికైంది. మెడకు, కళ్లు తిరగడానికి ఫిజియోథెరపీ ఉంది. ఇక వాంతులు ఆగకపోయినా, తలనొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట ముద్దగా వస్తున్నా, చేయి కాలు పట్టు తప్పినా, మనిషిని లేపలేకపోతున్నా ఆలోచించకండి, వెంటనే ఎమర్జెన్సీకి పరుగెత్తండి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి మా అమ్మ గుర్తొచ్చింది.

మాది పల్నాడు. మా అమ్మ మిరపకోతలకు వెళ్లేది. నేను ఆరో తరగతిలో ఉండగా కూలీలు వెళ్తున్న ట్రాక్టర్ బోల్తా పడింది. అమ్మ తలకు దెబ్బ తగిలింది. మూడో రోజు మళ్లీ కోతకు వెళ్లింది. ఆ తర్వాత ఎన్నేళ్లో తలకు గుడ్డ బిగించి కట్టుకుని తిరిగింది. పొయ్యి మీద కూర మర్చిపోయేది. మేం గట్టిగా నవ్వితే గసిరేది. "మీ అమ్మకు నోరెక్కువ" అని పేట మొత్తం అనేది. మేమూ అలాగే అనుకున్నాం. అమ్మను ఏ డాక్టరూ చూడలేదు కాబట్టి అది కంకషనేనని నేను చెప్పలేను. కానీ నా కూతురి మీద నేను అరిచిన అరుపు మాత్రం అచ్చం అమ్మదే. అమ్మ పోయింది. క్షమాపణ చెప్పడానికి ఇప్పుడు మనిషి లేదు.

మనం దేన్ని గొప్పగా చెప్పుకుంటున్నామో ఒకసారి ఆలోచించండి. "మాది కష్టం చేసిన ఒళ్లు, మాకేమీ కాదు" అంటాం. ఆ మాట మనకంటే ముందు ఎవరికి పనికొచ్చింది? మూడో రోజే కూలీని చేనుకి పిలిచిన ఆసామికి. పీరియడ్ లెక్కన డబ్బులిచ్చే వ్యవస్థకి. మన సంఘాల్లో మాత్రం? జ్వరంతో వచ్చి మీటింగ్‌లో మాట్లాడినవాణ్ణి చప్పట్లతో మెచ్చుకుంటాం. రానివాణ్ణి "నిబద్ధత లేదు" అంటాం. నేనూ అన్నాను. ఆ తమ్ముడు ఈ పోస్టు చదువుతుంటే, నన్ను మన్నించు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నారు. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవుల కోసం, వారానికి పని గంటలు 54 నుంచి 48కి తగ్గించడం కోసం బిల్లులు తెచ్చారు. ఆయన దృష్టిలో విశ్రాంతి చట్టం ఇవ్వాల్సిన హక్కు. ఆ హక్కు మిరపచేను దాకా రాలేదు. గెస్ట్ లెక్చరర్ దాకా కూడా రాలేదు. వచ్చేదాకా అడగడం మన రాజకీయాల్లో భాగం కావాలి.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, తలకు దెబ్బ తగిలితే దాచకండి. పాఠం మర్చిపోతే కులం పేరు పెడతారన్న భయం నాకు తెలుసు. ఆ భయమే నన్ను ఎక్కువ దెబ్బతీసింది. పోయిన నెల నేను క్లాసులో పిల్లలకు విషయం చెప్పేశాను. మర్నాడు వెళ్లేసరికి సగం ట్యూబ్‌లైట్లు ఆర్పేసి ఉన్నాయి. ఎవరు ఆర్పారని అడగలేదు. కిటికీ వెలుతురులో పాఠం చెప్పాను.

పూర్తిగా తగ్గలేదు. వారంలో రెండు మూడు రోజులు బాగుంటున్నాను. ఇకపై ఈ సిరీస్ రెండు వారాలకోసారి వస్తుంది.

జై భీమ్.