కడచూపునకూ కఫీలు అనుమతి

పొదిలి: పల్లెల్లో పెద్దవారు ఎవరైనా కన్నుమూస్తే, పలకరింపునకు వచ్చినవారు తప్పక అడుగుతున్న మాట ఒకటి ఉంది. ‘అబ్బాయి ఎప్పుడు దిగుతాడు?’ అబ్బాయి కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. ఇక్కడ ఐసు పెట్టె అద్దెకు తెస్తారు. కరెంటు పోతే జనరేటరు కోసం పరుగులు. తలకొరివి పెట్టవలసినవాడు రెండు రోజుల్లో వస్తాడో, అసలు రాడో ఎవరూ చెప్పలేరు.

దారి దూరమై ఇలా జరుగుతున్నదనుకుంటే పొరపాటు. కువైట్ నుంచి హైదరాబాదుకు విమానంలో ఐదు గంటలు చాలు. హైదరాబాదు నుంచి పొదిలికి కారులో రావడానికే అంతకంటె ఎక్కువ పడుతుంది. (మనకు దగ్గరలో దొనకొండలో ఇంగ్లీషువాళ్ళ కాలపు విమానాశ్రయం ఉన్నది గాని, అక్కడ విమానం దిగదు.) టిక్కెట్టు అప్పో సప్పో చేసి కొనవచ్చు. అసలు చిక్కు అనుమతి కాగితం దగ్గర వస్తున్నది.

కువైట్‌లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు, అంటే అక్కడివారు 18వ నంబరు వీసా అనేవారు, దేశం దాటాలంటే యజమాని అనుమతి తప్పనిసరి అని 2025 జూలై 1 నుంచి నిబంధన పెట్టారు. పనివాడు సెల్‌ఫోనులో ‘సహల్’ యాప్ ద్వారా అర్జీ పెట్టాలి, యజమాని సరేననాలి. మంచి యజమాని అయితే ఇది గంటల్లో తేలిపోయే పని. సెలవు ఇవ్వడం ఇష్టం లేని యజమానికి మాత్రం కొత్తగా ఒక తాళంచెవి చేతికిచ్చినట్లయింది.

ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవారి పరిస్థితి వేరు. వారిది 20వ నంబరు వీసా కాబట్టి ఈ నిబంధన వారికి రాదు. అయినా వారి కష్టమే ఎక్కువ. పనివారి సమ్మతి లేకుండా పాసుపోర్టు ఉంచుకోరాదని 2015లో చేసిన చట్టం చెబుతున్నది. కాని దిగిన రోజునే పాసుపోర్టు ఇంటి యజమానురాలి బీరువాలోకి పోతే, చట్టం చూపించి అడిగే ధైర్యం ఎందరికి ఉంటుంది? తల్లి పోయిందన్న కబురు అంది, వంటింట్లో ఏడ్చి, మళ్ళీ గిన్నెలు కడుక్కోవలసి వచ్చినవారి కథలు ఈ పక్క ఊళ్ళలో కొత్తవి కావు.

ఖతార్ 2020 జనవరిలో ఇంటిపనివారికి కూడా యజమాని అనుమతి అక్కరలేదని తీసివేసింది. సౌదీ 2021 మార్చి 14 నుంచి సడలించినా, ఇంటిపనివారిని, డ్రైవర్లను, గొర్రెలు కాసేవారిని ఆ సడలింపులో చేర్చలేదు. మనవాళ్ళు ఎక్కువగా చేసేవి ఆ పనులే.

అమెరికా వెళ్ళిన ఇంజనీర్లను రావద్దని ఎవరూ ఆపరు. వారి భయం తిరిగి వెళ్ళడం గురించి. పాసుపోర్టులో వీసా ముద్రకు గడువు ఉంటే సరే. తీరిపోతే ఇక్కడ మళ్ళీ ఇంటర్వ్యూకు నిలబడాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వీసాదారుల ఫేస్‌బుక్ వంటి ఖాతాలను కూడా తనిఖీ చేయడం మొదలుపెట్టేసరికి, అప్పటికే ఇచ్చిన ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కి పోయాయి. పెద్దకర్మకు వచ్చినవాడు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఊళ్ళో చిక్కుకుపోవలసి వచ్చింది. చదువుకున్న కొడుకు రాలేదని ఊరు ఆడిపోసుకునే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక్కడివారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి కాగితం ఉంటే దాన్ని, లేకుంటే పంచాయతీ కార్యదర్శి వద్ద మరణం నమోదు చేయించి ఆ ధ్రువపత్రాన్ని ఫోటో తీసి వెంటనే పంపాలి. 21 రోజుల్లోగా నమోదుకు రుసుము లేదు. యజమాని మొండికేస్తే అక్కడి భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఇంటివారు ఇక్కడి నుంచే అర్జీ పెట్టవచ్చు. రాష్ట్రంలో ఏపీ ఎన్ఆర్టీ సొసైటీ ఉంది. పాసుపోర్టు పోయినవారికి రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అయితే అది ఇండియాకు రావడానికే, తిరిగి పోవడానికి పనికిరాదు.

వెళ్ళేవారు బయలుదేరక ముందే పాసుపోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఉంచి వెళ్ళడం మేలు. కబురు వచ్చిన రాత్రి ఆ కాగితాల కోసం వెతుక్కునే ఇళ్ళే ఎక్కువ.

ఎంతసేపు ఆగాలన్నది మాత్రం ఇంటివారే తేల్చుకోవాలి. ముస్లిముల ఇళ్ళలో ఆ రోజే ఖననం చేస్తారు కాబట్టి దూరాన ఉన్న కొడుకు ఫోనులోనే చూస్తాడు. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు అన్ని మతాలవారికీ అదే గతి పట్టింది. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా గల్ఫ్ నుంచి వచ్చే దారే లేకపోయింది. మిగతా ఇళ్ళలో కొందరు మూడు రోజులు ఆగుతున్నారు. కొందరు తమ్ముడి చేతనో అన్న కొడుకు చేతనో కొరివి పెట్టించి, పెద్దకర్మ నాటికి రమ్మంటున్నారు. అలాంటప్పుడు పెద్దవాడికి పది రోజుల వెసులుబాటు దొరుకుతుంది, టిక్కెట్టు ధరా కొంత తగ్గుతుంది.